మొగ పూడ్చిన పుణ్యాత్ములు

పోయినవారం మనం గాలమ్మను పడవ ఎక్కించి, ఇంజను ఆడుతుండగా వదిలేశాం. పాపం, వారం రోజులుగా ఆ చెక్కబల్ల మీదే కూర్చుని ఉంది. ఎదురుబల్ల మీద ఇద్దరు ఆఫీసర్లు, వెనక చుక్కాని దగ్గర పెద్ద సరంగు. కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి, పడవను కదిలిద్దాం.

గాలమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఆమె గాలిమరల కంపెనీలో ఇంజనీరు. చదువుకున్నది గాలి గురించి, జీతం తీసుకుంటున్నది ఆఫీసు గుమ్మాల ముందు నిలబడినందుకు. సరస్సు నడిమధ్య ఆరు గాలిమరలు పెట్టడానికి అనుమతి తేవడం ఆమె పని. ఆ పని మీద ఐదేళ్ళుగా రేవుకు వచ్చిపోతుంటే పడవలవాళ్ళే ఆ పేరు పెట్టారు. మొదట్లో వెక్కిరింపుగా పెట్టారు, ఇప్పుడు ముద్దుగా పిలుస్తున్నారు.

ఐదేళ్ళా అని నోరు తెరవకండి. తప్పంతా ఆ సరస్సుది. అది ఏడాదిలో కొన్ని నెలలే సరస్సు. దానికీ సముద్రానికీ మధ్య ఇసుక దిబ్బ, ఆ దిబ్బలో నీళ్ళు వచ్చిపోయే సందు ఒకటి, దాన్నే మొగ అంటారు. వానలు వెనకపట్టాక పడవలవాళ్ళు పారలు పట్టుకుని వెళ్ళి మొగ కొడతారు. సముద్రం లోపలికొస్తుంది, దాని వెంట చేపపిల్ల వస్తుంది. ఎండలు ముదిరేసరికి ఇసుక పేరుకుని మొగ దానంతటదే మూసుకుంటుంది. తెరిచి ఉన్నన్నాళ్ళూ అవి సముద్రపు నీళ్ళని తీర శాఖ పెత్తనం. మూసుకుంటే అవి సరస్సు నీళ్ళని సరస్సుల శాఖ పెత్తనం. తీర శాఖలో ఫైలు మొదలుపెడితే పక్షులవాళ్ళూ, ఓడలవాళ్ళూ, విమానాలవాళ్ళూ, నీటి అడుగున ఉన్న నేల ఎవరిదో తేల్చేవాళ్ళూ తలా ఒక ప్రశ్న వేసేవారు. అన్నిటికీ జవాబులు రాసి ఫైలు పండేవేళకు మొగ మూసుకునేది. "ఇవి మా నీళ్ళు కావమ్మా ఇప్పుడు" అని వాళ్ళు చేతులు దులుపుకునేవారు. సరస్సుల శాఖలో మళ్ళీ ఓనమాల నుంచి మొదలు. అక్కడ పండే వేళకు మొగ కొట్టేసేవారు. ఇలా అటూ ఇటూ తిరిగి తిరిగి ఫైలు లావెక్కింది, గాలమ్మ చిక్కిపోయింది.

ఈ ఏడు ఏ గ్రహం కరుణించిందో, మొగ తెరిచి ఉండగానే తీర శాఖలో ఫైలు పండింది. మిగిలింది ఒక్క సంతకం. ఆ సంతకం ఈ శుక్రవారం సాయంత్రంలోపు పడకపోతే, కరెంటు లైనులో ఈ గాలిమరలకు కేటాయించిన చోటు ఇంకెవరికో పోతుంది. అప్పుడు గాలిమరలూ ఉండవు, గాలమ్మ ఉద్యోగమూ ఉండదు. సరిగ్గా ఈ సమయంలో సరస్సుల శాఖ అధికారి ఒకాయన కాలు అడ్డం పెట్టాడు. మొగ నిజంగా తెరిచి ఉందో లేదో రెండు శాఖలూ కలిసి వెళ్ళి కళ్ళారా చూడాల్సిందేనని పట్టుబట్టాడు. ఆ మహానుభావుడు వేరెవరో కాదు, గాలమ్మకు స్వయానా బావ, అక్క మొగుడు. ఏది అడిగినా "చూద్దాం" అంటాడు కనుక రేవులో అందరూ ఆయన్ని చూద్దాంగారు అంటారు.

అదీ సంగతి. ఇవాళ బుధవారం. పడవ కదిలింది.

చూద్దాంగారు లైఫ్‌జాకెట్ పట్టీలన్నీ బిగించుకుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని, పరీక్ష రాయబోయే కుర్రాడిలా నిటారుగా కూర్చున్నాడు. మరదలి వైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

"దరఖాస్తుదారుగారూ, మీ జాకెట్ కింది పట్టీ ఊడింది."

"నాకు ఈతొచ్చు సార్. నేర్పింది మీ ఆవిడే."

"డ్యూటీలో చుట్టరికాలు మాట్లాడకూడదు."

"సరే సార్. ఈతొచ్చినట్టు సర్టిఫికెట్ జతచెయ్యమంటారా?"

పక్కన కూర్చున్న తీరం మేడమ్ నీళ్ళ వైపు తిరిగింది. తీరం మేడమ్ అంటే తీర శాఖ అధికారిణి. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు రేవులో ఒక్కరు కూడా లేరు. పక్షుల గురించి అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసిందీ ఆవిడే, నీటి అడుగున కేబుల్ ఎంత లోతున పాతిపెట్టాలో మూడుసార్లు లెక్క కట్టించిందీ ఆవిడే. అందుకని పడవలవాళ్ళకు ఆవిడంటే గిట్టదు. గాలమ్మకు మాత్రం ఈ మధ్య ఆవిడ మీద గౌరవం పుట్టింది. ఆవిడ అడిగిన ప్రశ్నలకు జవాబు చెబితే ఆ ప్రశ్న అక్కడితో చచ్చేది, పిల్లల్ని పెట్టేది కాదు.

"చూడమ్మా," అంది మేడమ్ తిన్నగా. "ఫైలు నా బ్యాగులోనే ఉంది. మొగలో నీళ్ళు కనబడితే ఇదే బల్ల మీద సంతకం పెడతాను. ఆఫీసుకెళ్ళి పెడతానని కూడా అనను. ఆ ఫైలు మొహం చూసీ చూసీ నాకే విసుగొచ్చింది."

గాలమ్మకు ఆవిణ్ణి కౌగిలించుకోవాలనిపించింది. ఐదేళ్ళలో ఒక ఆఫీసరు నోట "ఇక్కడే, ఇప్పుడే" అన్న మాట వినడం ఇదే మొదలు. వెనక నుంచి పెద్ద సరంగు దగ్గాడు. అది జలుబు దగ్గు కాదు.

"మీరేం కంగారుపడకండి గాలమ్మగారూ," అన్నాడు గొంతు తగ్గించి. "అంతా మేం చూసుకున్నాం."

ఆ మాటకు ఆమెకు ధైర్యం రావాలి. రాలేదు. ఏదైనా పని గురించి ఎవరైనా "అంతా చూసుకున్నాం" అంటే ఆ పని తగలడిందన్నమాటేనని ఈ ఉద్యోగం ఆమెకు నేర్పింది.

పడవ చివరి మలుపు తిరిగింది. ఎదురుగా ఇసుక దిబ్బ. ఆదివారం గాలమ్మ ఒంటరిగా వచ్చి చూసినప్పుడు దిబ్బ మధ్యలో ఒక సందు వెడల్పున నీళ్ళు గలగలా పారుతున్నాయి, ఇంకో నెల దాకా ఢోకా లేదనిపించింది. ఇవాళ ఆ చోట ఇసుక ఉంది. తడి ఇసుక, చదునుగా, చక్కగా, ఎవరో అరచేత్తో నిమిరినట్టు ఉంది. దాని మీద రెండు తెల్ల కొంగలు తీరిగ్గా నడుస్తున్నాయి. ఎవరి గురించైతే మేడమ్ అన్ని ప్రశ్నలు వేసిందో ఆ కొంగలే.

గాలమ్మ నోటికి వచ్చిన మాట ఆఫీసర్ల ముందు అనదగ్గది కాదు.

చూద్దాంగారు పడవ దిగి, మొగ ఉండాల్సిన చోట ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచాడు. తిరిగి ఈ గట్టుకు నడిచాడు. ఒకసారి నడిస్తే సరిపోదనుకున్నాడో ఏమో మధ్యలో ఆగి, వంగి, ఇసుకలో ఏదో చూసి, ఒక ఫోటో తీసుకుని, మళ్ళీ నడిచాడు. పడవ దగ్గరికొచ్చి తన జోళ్ళు చూపించాడు.

"పైన తడవలేదు. మొగ మూసుకుంది."

"ఆదివారం తెరిచే ఉంది సార్! నేను చూశాను!"

"నియమం ప్రకారం తనిఖీ నాడు ఉన్నదే లెక్క, దరఖాస్తుదారుగారూ. ఆదివారం సెలవు."

తీరం మేడమ్ ఒక్క క్షణం ఆ ఇసుక వంక చూసి, పెన్నుకు మూత పెట్టేసింది. "మూసుకున్న మొగ నాది కాదు. ఫైలు రేపు పొద్దున్నే మీ ఆఫీసుకొస్తుంది" అని చూద్దాంగారితో అని, గాలమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "నాకూ ఏడుపొస్తోందమ్మా. ఇవాళతో అది నా టేబుల్ దిగిపోతుందనుకున్నాను."

ఆఫీసర్లిద్దరూ కొలతల టేపు పట్టుకుని దిబ్బ అవతలకు వెళ్ళారు. గాలమ్మ పడవ అంచున కూలబడింది. అప్పుడు పెద్ద సరంగు మెల్లగా వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది. కూతురి పెళ్ళి కుదిర్చి వచ్చినవాడు కూడా అంత సంబరంగా ఉండడు.

"ఎలా ఉంది మా పని?"

గాలమ్మ తలెత్తింది. "ఏ పని?"

"ఇదే." మడమతో ఇసుకను తట్టాడు. "రెండు రాత్రులు, పదిమందిమి. పనికిరాని పడవ ఒకటి అడ్డంగా ముంచాం. దాని చుట్టూ ఇసుక బస్తాలేశాం. మిగతాది కెరటమే పోసి పెట్టింది. ఏటా మొగ కొట్టేది మేమే కదా, ఇసుక ఎటు నడుస్తుందో మాకు తెలీదా? కొట్టడం వచ్చినోడికి పూడ్చడం ఎంతసేపు!"

"మీరు పూడ్చారా?" అంది గాలమ్మ. నమ్మలేక మళ్ళీ అడిగింది. "మీరే పూడ్చారా?"

"మరే. ఆ నవ్వని మేడమ్ చేతిలో మీ ఫైలు ఉంటే పనవుతుందా ఎక్కడైనా? మా వాళ్ళంతా కూర్చుని ఆలోచించాం. మొగ మూసేస్తే ఫైలు మీ బావగారి దగ్గరికెళ్తుంది. ఎంత చూద్దాంగారైనా, సొంత మరదలి కాగితం ఆపుతాడా? ఇంట్లో మీ అక్క ఊరుకుంటుందా?" సరంగు గొంతు మెత్తబడింది. "మీరు మా కోసం ఇంత తిరుగుతున్నారు. కరెంటు పోయినప్పుడల్లా ఐసు ఫ్యాక్టరీ ఆగి, పట్టిన చేపంతా పారబోసుకుంటున్నాం. గాలిమరలొస్తే ఆ బాధ తప్పుతుంది. మీకు మేం ఈమాత్రం సాయం చెయ్యలేమా?"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఇక్కడ రోగి కనీసం కొండనాలుక నొప్పి అని కూడా అనలేదు. గాలమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఐదేళ్ళలో పదవిలో ఉన్న ప్రతివాడూ ఆమెను ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్ళు తాగించాడు. చివరికి పని పాడుచేసింది మాత్రం ఆమె మీద ప్రేమ ఉన్న పదిమంది. వాళ్ళ మీద అరవడానికి కూడా నోరు రావడం లేదు.

"సరంగుగారూ," అంది చివరికి. "ఆ మేడమ్ పెన్ను తీసింది. చూశారా? ఈ బల్ల మీదే సంతకం పెడతానంది."

సరంగు మొహంలో వెలుగు కాస్త తగ్గింది. "ఆవిడా?"

"ఆవిడే. మా బావ ఉన్నాడే, ఆయన సొంత మనుషుల ఫైలు ముట్టుకోకూడదు. అది వాళ్ళ రూలు. మరదలి కాగితమని తెలియగానే పై ఆఫీసుకు పంపెయ్యాలి. అక్కడికెళ్ళిన ఫైళ్ళకి తద్దినాలు పెట్టుకోవడమే."

"బంధువైతే సంతకం పెట్టకూడదా?" సరంగుకు ఇది మింగుడుపడలేదు. "మరి బంధువులు ఉన్నది ఎందుకండీ?"

సరంగు తలపాగా తీసి మొహం తుడుచుకుని, "పోనీ రాత్రికి మళ్ళీ కొట్టేస్తాం, పారలున్నాయి" అన్నాడు. అది ఇంకా పెద్ద ప్రమాదమని ఆమె చెప్పాల్సి వచ్చింది. మొగ కొట్టాలంటే ఏటా సరస్సుల శాఖ మాట కావాలి, ఆ మాట లేకుండా పార ఎత్తితే కేసు. పూడ్చింది మీరేనని తెలిస్తే అదింకో కేసు. వలల లైసెన్సులు పదింటికి పదీ పోతాయి.

"ఇంకెవరికీ చెప్పకండి. నవ్వకండి కూడా. మీ నవ్వే పట్టిచ్చేస్తుంది" అని ఒట్టు వేయించుకుంది.

సాయంత్రం గాలమ్మ బావ ఇంటికి వెళ్ళింది. సరస్సుల శాఖ ఆఫీసు వెనకే క్వార్టర్సు. గోడ అవతల సరస్సు ఉంది, కానీ వంటగది కిటికీ బిగుసుకుపోయి ఎన్నో ఏళ్ళుగా తెరుచుకోదు. అది తీయించమని అక్క అడిగినప్పుడల్లా బావ చూద్దామన్నాడు. తలుపు తీసింది అక్కే. చెల్లెలి మొహం చూడగానే సంగతి అర్థమై, ఏమీ అడక్కుండా కుర్చీ లాగింది.

బావ లుంగీ కట్టుకుని, పేపరు పట్టుకుని హాల్లోకి వచ్చాడు. పొద్దున పడవలో చూసిన మనిషి ఈవిడ కాదన్నట్టు, "ఓహో, మరదలా! ఎన్నాళ్ళకి! రా రా, ఏంటిలా చిక్కిపోయావ్?" అన్నాడు.

"ఎందుకు చిక్కానో మీకు తెలీదా బావా?"

"ఆఫీసు సంగతులు ఇంట్లో వద్దు."

"పడవలో చుట్టరికం వద్దు, ఇంట్లో ఆఫీసు వద్దు. మరి నేను మీతో ఎక్కడ మాట్లాడాలి? సరస్సు మధ్యలో నిలబడా?"

అక్క వంటగదిలో గిన్నె ఒకటి గట్టిగా పెట్టింది. బావ పేపరు మడిచి, కుర్చీలో కూర్చున్నాడు. తరువాత జేబులోంచి ఫోను తీసి, పొద్దున తీసిన ఫోటో చూపించాడు. ఇసుకలోంచి గోనెసంచీ మూల ఒకటి పైకొచ్చి ఉంది. దాని పక్కన పడవ కొయ్య, నీలం రంగు పెచ్చులూడిపోయి.

గాలమ్మ దగ్గరికి వంగి చూసింది.

"నాకు కళ్ళు లేవనుకున్నావా? ఇన్నేళ్ళుగా ఆ మొగను చూస్తున్నాను. రెండు రోజుల్లో అది తనంతట తాను మూసుకోదు."

"మరి పొద్దున ఎందుకు అనలేదు?"

"అంటే రాయాలి. రాస్తే విచారణ చెయ్యాలి." బావ గొంతు తగ్గించాడు. "కానీ నీకు పనికొచ్చే సంగతి ఒకటుంది, చెబుతా విను. మనుషులు పూడిస్తే అది మూసుకున్నట్టు లెక్కకు రాదు. రూలు అది. ఎవరు పూడ్చారో పేర్లతో సహా నువ్వు చెబితే, మొగ తెరిచి ఉన్నట్టే లెక్క. అప్పుడు నీ ఫైలు తీర శాఖదే. ఆవిడ రేపు సంతకం పెట్టేస్తుంది. నా చెయ్యి పడాల్సిన పనే లేదు."

గది ఒక్కసారి ఇరుకైపోయినట్టయింది గాలమ్మకు. ఐదేళ్ళుగా వెతుకుతున్న దారి ఇంత సులువుగా ఎదురుగా ఉంది. పేర్లు చెబితే చాలు. ఆ పదిమందీ ఆమెకు తెలుసు. వాళ్ళ పడవల్లో తిరిగింది, వాళ్ళ ఇళ్ళలో మంచినీళ్ళు తాగింది. అసలు ఈ గాలిమరలు ఎవరి కోసమని ఊరంతా చాటిందో, వాళ్ళ వలలే తెంపి ఈ గాలిమరలు నిలబెట్టాలి.

"పేర్లు చెబితే వాళ్ళ లైసెన్సులు?"

"పోతాయి."

"ఎన్నాళ్ళకి?"

"ఎన్నాళ్ళకేంటి? పోతాయంతే."

"నాకు తెలీదు బావా," అంది గాలమ్మ. "ఎవరు పూడ్చారో నాకు తెలీదు. కెరటమే పూడ్చిందేమో."

బావ ఆమె వంక చూశాడు. చూపులో కోపం లేదు. పైగా ఏదో తేలికపడ్డట్టు కనిపించాడు. "నాకూ తెలీదు" అని ఫోటో తుడిచేశాడు. రూళ్ళ పుస్తకం దిండు కింద పెట్టుకుని పడుకునే మనిషి చేసిన ఆ పనికి గాలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత మంచివాడు ఇంత కొరకరాని కొయ్య ఎలా అయ్యాడో భగవంతుడికే తెలియాలి.

ఆ చనువుతోనే ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. "పోనీ, మొగ కొట్టుకోమని మాట ఇవ్వండి. ఏటా ఇస్తారుగా. రేపు ఇస్తే ఎల్లుండి పొద్దున్నకి నీళ్ళు పారతాయి, మేడమ్ వచ్చి చూసుకుంటుంది."

"ఏటా ఇచ్చేది చేపల కోసం. ఇప్పుడిస్తే నీకోసం ఇచ్చినట్టవుతుంది. సొంత మరదలికి మేలు జరిగే ఏ కాగితం మీదా నేను చెయ్యి పెట్టకూడదు."

"మీ కింద ఇంకో ఆఫీసరు లేడా?"

"ఉన్నాడు. సెలవులో ఉన్నాడు."

"మీ పైన?"

"ఆయన ఖాళీ."

"ఖాళీగా ఉంటే ఇంకేం, అడగండి!"

"ఆయన ఖాళీగా లేడు. ఆయన పోస్టు ఖాళీగా ఉంది."

గాలమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది. గోడకేసి కొట్టుకుందామంటే ఆ గోడ కూడా శాఖ వారిదే, దానికీ అనుమతి అడుగుతాడేమో. "బావా, చేప కోసం కొడితే వచ్చేవీ అవే నీళ్ళు, నా కోసం కొడితే వచ్చేవీ అవే నీళ్ళు. నీళ్ళకు తెలుసా నేను మీ మరదలినని?"

"నీళ్ళకు తెలీదు. రూలుకు తెలుసు."

"ఆ రూలులో ఎక్కడా సందు లేదా?"

"భార్య, భార్య తోబుట్టువులు, వాళ్ళ పిల్లలు. నేను చదివాను. సందు లేదు."

"ఉంది."

ఆ మాట అన్నది అక్క. చేతులు తుడుచుకుంటూ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ఎప్పటి నుంచి వింటోందో ఇద్దరికీ తెలియదు.

అక్క ఒకప్పుడు కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేసేది. వెంట్రుకవాసి తేడా ఉన్నా నోట్లో పట్టదు, అంత నిక్కచ్చి పని. బావ బదిలీల వెంట తిరిగి ఆ పని మానేసింది. పాత ల్యాబు వాళ్ళు మళ్ళీ రమ్మని కబురు పెట్టి రెండేళ్ళయింది. బావ ఏమన్నాడో వేరే చెప్పనక్కర్లేదు.

"సందు ఉందండీ," అంది అక్క. "మీరే ఒకసారి అన్నం తింటూ చెప్పారు, మీ ఆఫీసులో ఎవరికో అలా చేశారని. భార్యాభర్తలు విడిపోవడానికి కోర్టులో దరఖాస్తు పడితే, ఆ రోజు నుంచి భార్య తరఫువాళ్ళు బంధువుల లెక్కలోకి రారు. అవునా?"

బావ ఒక్క క్షణం ఆలోచించాడు. పాపం, ఆయన నిజంగానే రూలు గురించి ఆలోచించాడు. "అవును. ఉంది. నాలుగో నియమంలో..." అని ఆగి, పకపకా నవ్వాడు. "బాగుందోయ్! మరదలి గాలిమరల కోసం నాకు విడాకులిచ్చేస్తావా?"

గాలమ్మకూ నవ్వొచ్చింది. పొద్దుటి నుంచీ బిగబట్టుకున్నదంతా ఆ నవ్వులో బయటికొచ్చింది. "ఇచ్చెయ్ అక్కా! రేపు దరఖాస్తు పడెయ్, ఎల్లుండి మొగ కొడతారు, సోమవారం మళ్ళీ కలిసిపోదురుగాని!"

ఇద్దరూ నవ్వుతున్నారు. అక్క నవ్వడం లేదు. ఆమె వచ్చి బావ ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆయన ఎదురుగా అలా తీరిగ్గా కూర్చోవడం గాలమ్మ ఎప్పుడూ చూడలేదు.

"మొన్న సోమవారమే లాయరుని కలిసొచ్చాను" అంది అక్క.

గాలమ్మ నవ్వు గొంతులోనే ఉండిపోయింది. బావ నవ్వు మొహం మీద ఇంకా మిగిలి ఉంది, దాన్ని ఏం చెయ్యాలో ఆయనకు తెలియనట్టు.

"దీని పని కోసం కాదండీ. దీని పని ఇలా అడ్డం పడిందని నాకు ఇవాళే తెలిసింది. మీతో ఎలా చెప్పాలా అని రెండు రోజుల నుంచి చూస్తున్నాను. మంచి సందర్భం దొరకలేదు. ఎలాగూ వెయ్యబోయే దరఖాస్తే కదా, రేపే వేస్తే నా చెల్లెలికైనా పనికొస్తుంది."

"అక్కా, వద్దు," అంది గాలమ్మ. ఐదేళ్ళుగా అడ్డం తొలగితే చాలని మొక్కుకున్న మనిషి, ఆ అడ్డం ఉంటే బాగుండునని మొదటిసారి కోరుకుంది. "నాకేం పనికి రానక్కర్లేదు. గాలిమరలు పోతే పోనీ."

అక్క చెల్లెలి వైపు తిరగలేదు. బావ కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఎప్పటి నుంచి?"

"ఏది అడుగుతున్నారు?" అంది అక్క. "లాయరు సంగతా? నా మనసు సంగతా?"